మా పద్యనాటక సమాజానికి ముగ్గురు దర్శకులు ఉండొచ్చా?

కర్నూలు హార్మోనిస్టు:

అందరికీ నమస్కారం. కర్నూల్లో మాదొక చిన్న పద్యనాటక సమాజం. పద్నాలుగు మందిమి. ఇరవై రెండేళ్లుగా హార్మోనియం నాదే. ఇన్నాళ్లూ అన్నీ మా గురువుగారే. ఏ నాటకం ఆడాలో, ఎవరికి ఏ వేషమో, ఏ పద్యానికి ఏ రాగమో ఆయన చెప్పిందే. కృష్ణుడి వేషం కూడా ఆయనదే. మొన్న ఉగాదికి కిరీటం తీసి నా హార్మోనియం పెట్టె మీద పెట్టి, "ఇంక నా వల్ల కాదురా, మీరే చూసుకోండి" అన్నారు. డెబ్బై ఆరేళ్లు. గొంతు ఇంకా ఖంగుమంటుంది. మోకాళ్లే సహకరించడం లేదు.

అప్పటినుంచి రిహార్సల్ అంటే గొడవే. అర్జునుడు కట్టే అన్న బాగా పాడతాడు, ఆయన్నే పెట్టమని సగం మంది అంటున్నారు. ఆ గొంతంటే నాకూ ప్రాణమే. కానీ పోయినేడు ఒక పోటీలో జరిగింది నేను మర్చిపోలేను.

కృష్ణరాయబారం నాటకంలో పడక సీను. కృష్ణుడు మంచం మీద పడుకుని ఉన్నాడు. అర్జునుడు వచ్చి పద్యం ఎత్తుకుని, చివర్లో రాగం తీయడం అందుకున్నాడు. చప్పట్లు పడ్డాయి. ఇంకో సంగతి, అంటే అదే రాగాన్ని ఇంకో తీరుగా తిప్పి, వేశాడు, మళ్లీ చప్పట్లు, ఇంకో సంగతి. నేను షడ్జమం, అంటే 'స' మెట్టు గట్టిగా పట్టుకుని, దిగన్నా అన్నట్టు మూడుసార్లు సూచన ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. ఆపాల్సిన మనిషి మా గురువుగారు. ఆయనేమో మంచం మీద నిద్ర నటిస్తున్నారు. కళ్లు తెరిస్తే సీనే పోతుంది. చాప మీద కూర్చున్న నాకు, ఆయన పంచె అంచు పట్టుకుని గుప్పిట బిగించడం కనిపించింది.

టైము చాలక ద్రౌపది సీను ఎగరగొట్టి నేరుగా సభలోకి వెళ్లాం. ద్రౌపది కట్టిన అమ్మాయి డిగ్రీ చదువుతోంది. రెండు నెలలు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి ఆ పద్యాలు నేర్చుకుంది. ఆ రోజు సైడు తెర వెనకే నిలబడి, మేకప్ తుడుచుకుని వెళ్లిపోయింది.

మొన్న మా అబ్బాయి ఫోన్లో ఒకటి చూపించాడు. లాస్ ఏంజిలెస్‌లో ది ఇండస్ట్రీ అని ఒక ఒపేరా సంస్థ ఉంది. ఒపేరా అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం లాంటిదే, కథ పాటలోనే నడుస్తుంది. దాన్ని స్థాపించిన యువల్ షరాన్ 2021లో యాష్ ఫ్యూర్ అనే స్వరకర్తనూ, మాలిక్ గెయిన్స్ అనే కళాకారుణ్నీ కలుపుకుని, ముగ్గురూ ఆర్టిస్టిక్ డైరెక్టర్లుగా ఉండే పద్ధతి పెట్టాడట. మాకూ అలా కుదురుతుందా? కుదిరితే ఆఖరి మాట ఎవరిది?

అనంతపురం లెక్చరర్:

అన్నా, ఒపేరాలో మీరు అడిగినదానికి సగం జవాబు ఉంది. వేదికకు ముందు, కాస్త పల్లంలో వాద్యబృందం కూర్చుంటుంది. పాటనూ వాద్యాలనూ కలిపి నడిపించే కండక్టర్ అక్కడే నిలబడతాడు. పాడేవాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా ఆయన చేతిలో కర్ర మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. నటనా కదలికలూ చూసే దర్శకుడు వేరు. సంస్థను నడిపేవాళ్లు వేరు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకు 2006 నుంచి జనరల్ మేనేజర్ పీటర్ గెల్బ్, 2018 నుంచి మ్యూజిక్ డైరెక్టర్ యానిక్ నెజె సెగాన్.

మీరు చెప్పిన ది ఇండస్ట్రీ వాళ్లు 2020లో స్వీట్ ల్యాండ్ అనే ఒపేరా వేశారు. దానికి దర్శకులు ఇద్దరు, స్వరకర్తలు ఇద్దరు, రచయితలూ ఇద్దరే. అంటే పని పంచుకోవడం వాళ్లకు అంతకుముందే అలవాటు. ఒక్కసారిగా ముగ్గుర్ని కుర్చీల్లో కూర్చోబెట్టలేదు.

పాడేవాళ్లు నాయకత్వం చేయకూడదని మాత్రం అనకండి. అమెరికాలోనే ఒపేరా ఫిలడెల్ఫియా అనే సంస్థ పగ్గాలు 2024లో ఆంథొనీ రాత్ కాస్టాంజో అనే గాయకుడే అందుకున్నాడు. టికెట్ 11 డాలర్ల నుంచి మొదలుపెట్టి, ఆపైన ఎవరికి తోచినంత వాళ్లు ఇచ్చేలా చేశాడు. కాబట్టి మీ అర్జునుడు పాడటం తప్పు కాదు. ఆయన పాడేటప్పుడు ఆపగలిగేవాళ్లు లేకపోవడమే తప్పు.

ప్రొద్దుటూరు పెద్దాయన:

నాయనా, నేను ముప్పై ఏళ్లు తెర పక్కనుంచి మాట అందిస్తా ప్రాంప్టింగ్ చెప్పినోణ్ని. ముగ్గురు పెద్దలుంటే మూడు రిహార్సళ్లు జరుగుతాయి, నాటకం జరగదు. మా కడప జిల్లా సురభి ఊర్లో 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం ఇన్ని తరాలు నిలబడిందంటే, అది కుటుంబం కాబట్టి. పెద్దాయన చెప్తే కొడుకూ కోడలూ వింటారు. మీరు పద్నాలుగు ఇండ్లోళ్లు. ఒక్క మనిషినే పెట్టుకోండి. అయితే ఆ మనిషి ఆ పూట మొహానికి రంగు పూసుకోకూడదు. ముందు వరసలో కూర్చుని చూడాల. మంచం మీద పడుకున్న కృష్ణుడు నాటకాన్ని ఏం చూస్తాడు?

తాడిపత్రి నుంచి:

నేనూ ద్రౌపది కట్టిన మనిషినే అన్నా. మీ పోస్టు చదివి ఆ అమ్మాయి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. 1880లో మా ఊర్లో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ, నాటకంలో రాగాల జోరు కన్నా నటనే ముఖ్యమన్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. ఆయన అంత కష్టపడి ఆడవాళ్లకు తెచ్చిన చోటు, మీ పోటీలో నాలుగు సంగతుల కోసం పోయింది. ఎవరు నాయకుడైనా సరే, ఏ పద్యానికి ఎంత రాగమో రిహార్సల్లోనే గడియారం పెట్టుకుని తేల్చండి. స్టేజీ మీద అది దాటితే మీరు తిత్తి ఆపేయండి. ఆ అధికారం ముందే అందరి ఎదుటా మీకు ఇవ్వాలి.

కర్నూలు హార్మోనిస్టు:

అందరికీ దండాలు. ఈ జవాబులన్నీ నిన్న గురువుగారికి చదివి వినిపించాను. ప్రొద్దుటూరు పెద్దాయన మాట దగ్గర ఆపి రెండోసారి చదవమన్నారు. తర్వాత అర్జునుడు అన్నకు ఆయనే ఫోన్ చేశారు. ఇకమీదట గురువుగారు వేషం కట్టరు, ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాటకం మీద మాట ఆయనది, రాగం మీద మాట నాది. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ అమ్మాయి మళ్లీ వస్తుందా?" అని అడిగాడు.

నేనూ అన్నా కలిసి వాళ్లింటికి వెళ్లొచ్చాం. వస్తానంది. ఆదివారం రిహార్సల్‌కి మొదట ద్రౌపది సీనే పెట్టుకున్నాం.