ఎల్‌డీఎల్ శరీరానికి అవసరమే అయినప్పుడు దాన్ని అంతగా తగ్గించడం సరైనదేనా?

ప్రశ్న: కణాల పొరలకు, కార్టిసోల్ వంటి హార్మోన్లకు, పైత్యరసానికి కొలెస్ట్రాల్ తప్పనిసరి. దాన్ని రక్తంలో మోసుకెళ్లే, ‘చెడు కొలెస్ట్రాల్’ అని పిలిచే ఎల్‌డీఎల్‌ను మందులతో డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములకు దించితే శరీరానికి, ముఖ్యంగా మెదడుకు, లోటు రాదా?

సమాధానం: అవసరమన్న మాట నిజం, ఎంత అవసరమన్నదే తేలవలసిన విషయం. శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణమూ కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారుచేసుకోగలదు. మెదడు విషయానికొస్తే, రక్తంలోని ఎల్‌డీఎల్ దాని లోపలికి వెళ్లనే వెళ్లదు కనుక, తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను అదే తయారుచేసుకుంటుంది. బొడ్డుతాడు రక్తంలో ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములే ఉంటుంది. శిశువు అత్యంత వేగంగా ఎదిగే దశకు అంత సరిపోతున్నప్పుడు, పెద్దవారికి 50 చాలదని భయపడటానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

ప్రతివాదం: ఎల్‌డీఎల్ మామూలుగా ఉన్నవారికీ గుండెపోటు వస్తోంది, ఎక్కువగా ఉన్న కొందరు నిండు వయసు దాకా బతుకుతున్నారు. అలాంటప్పుడు జబ్బుకు అదే కారణమని ఎలా చెబుతారు?

సమాధానం: రక్తపోటు, మధుమేహం, పొగతాగడం కూడా ధమనులను దెబ్బతీస్తాయి కాబట్టి ఒక్కొక్కరి ఫలితం ఒక్కోలా ఉంటుంది. అందుకే పుట్టుకతో వచ్చే తేడాలను గట్టి ఆధారంగా తీసుకోవాలి. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసుకునే గ్రాహకం తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపంతోనే సంక్రమించిన పిల్లలకు, పొగ, మధుమేహం వంటివేవీ లేకున్నా, బాల్యంలోనే గుండెపోటు రావచ్చు. ఈ గ్రాహకాన్ని వెలుగులోకి తెచ్చిన శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ఆ గ్రాహకాలను నాశనం చేసే ప్రోటీన్‌ను తయారుచేయించే పీసీఎస్‌కే9 జన్యువు సరిగా పనిచేయనివారిలో ఎల్‌డీఎల్ జీవితమంతా తక్కువగా ఉంటుంది, గుండెజబ్బులూ బాగా తక్కువ. ఆ జన్యువు రెండు ప్రతులూ పనిచేయని ఒక మహిళ ఎల్‌డీఎల్ 14 మాత్రమే ఉన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు 2006లో నమోదైంది. నష్టం జరిగే తీరు కూడా తెలిసినదే: ధమని లోపలి పొరలోకి చొచ్చుకున్న ఎల్‌డీఎల్ రేణువులు అక్కడే చిక్కుకుని మార్పు చెందుతాయి, వాటిని మింగిన మాక్రోఫేజులు అనే రోగనిరోధక కణాలు కొవ్వుతో ఉబ్బి నురుగు కణాలవుతాయి, ఏళ్ల తరబడి అవి పేరుకుని పూడికగా మారుతాయి.

అంతమాత్రాన అందరూ 50కి దించుకోవాలని నేను అనను. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి తగ్గింపు వల్ల కలిగే మేలు పెద్దది. వేరే ముప్పులేవీ లేని యువకులకు రాబోయే పదేళ్లలో అదే మందుతో కలిగే మేలు చిన్నది. పైగా ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ మందులు మధుమేహం వచ్చే అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయి. కాబట్టి ఎల్‌డీఎల్ అంకె ఒక్కటే చూసి కాకుండా, మొత్తం ముప్పును లెక్కవేసుకుని వైద్యులతో కలిసి నిర్ణయించుకోవాలి.