సెలవుల స్టోరేజీలో అడుగున ఉన్న పెట్టెలు కుంగిపోతున్నాయి, ఎలా ఆపాలి?

క్యాంపస్‌లో సామాను తరలింపు, స్టోరేజీ పని విద్యార్థి ఇంటర్న్‌లమే నడుపుతున్నాం. సెలవులకు ముందు హాస్టల్ గదుల నుంచి పెట్టెలు తెచ్చి గోదాములో పెడతాం, తరగతులు మొదలయ్యాక తిరిగి ఇస్తాం. ఐదు పొరల అట్టపెట్టెలు, అన్ని వైపులా 18 అంగుళాలు, ఒక్కోటి 20 కిలోలకు మించనివ్వం. ఐదు వరుసల ఎత్తు పేరుస్తాం.

మొదటి మూడు వారాలు బాగానే ఉంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటాక అడుగు పెట్టె పక్కలు ఉబ్బి, మూలలు నలిగి, దొంతర మొత్తం ఒక పక్కకు ఒరుగుతోంది. పుస్తకాలున్నవి తట్టుకుంటున్నాయి. దుప్పట్లు, బట్టలు ఉన్నవే ముందు కుంగుతున్నాయి, బరువు మోయడానికి లోపల ఏ ఆనికా లేదు కదా.

నేల చెమ్మ తగలకుండా చెక్క ప్యాలెట్లు (సందులు వదిలి పలకలు కొట్టిన చెక్క బల్లలు) వేశాం. పెట్టె మూల రెండు పలకల మధ్య సందులో పడితే ఇంకా తొందరగా నలుగుతోంది. ఇటుక గోడలా కాకుండా మూల మీద మూల వచ్చేలా పేర్చాం, బరువైనవి కిందకు మార్చాం, కొంత నయం. స్ట్రెచ్ ఫిల్మ్ (సాగే పల్చటి ప్లాస్టిక్ పొర) చుడితే లోపల చెమ్మ పట్టి టేపు ఊడిపోయింది. ర్యాకులు బిగించడానికి గోదాము యజమాని ఒప్పుకోవడం లేదు.

ప్యాలెట్ మీద ప్లైవుడ్ పరిచి, దొంతర నాలుగు మూలలకూ ఎల్ ఆకారపు అట్టబద్దలు నిలబెట్టి కడితే ఐదు వరుసలు రెండున్నర నెలలు ఆగుతాయా, లేక మూడుకు తగ్గించక తప్పదా?