సమస్య: “గడ్డమున్న రాణి గద్దె నెక్కె”

నిర్వాహకులు
ఈ వారం సమస్య ఇదిగోండి. పాత శిల్పాల ఫొటోలు చూస్తూంటే ఉన్నట్టుండి తట్టింది. రాసుకుని నేనే ఒకసారి నవ్వుకున్నాను.

*గడ్డమున్న రాణి గద్దె నెక్కె*

ఇది నాలుగో పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి.

ఇతివృత్తం ప్రపంచ చరిత్రలోని స్త్రీలు. పురాణాల్లోకి పారిపోవద్దు, శిఖండిని అసలు లాక్కురావద్దు. గడువు ఆదివారం రాత్రి.

ఏకలఘువు
ఫొటోలు అన్నారు కాబట్టి మీ మనసులో ఉన్నది ఈవిడే అయి ఉండాలి.

నైలు చెంత నేలె నాటి యైగుప్తును
రాజ వేషమెల్ల రహిని దాల్చి;
శిలలె నేడు సాక్షి, చెరిపినన్ మాయవు
గడ్డమున్న రాణి గద్దె నెక్కె!

హాత్షెప్సుత్, పురాతన ఈజిప్టును ఫారోగా ఏలినావిడ. పేరు పద్యంలో ఇరికించాలని గంటసేపు కుస్తీ పట్టాను. మూడు అక్షరాలు కూర్చుంటే నాలుగోది కిందపడుతోంది. వదిలేశాను.

నిర్వాహకులు
పట్టేశారు, ఆవిడే! “చెరిపినన్ మాయవు” చాలా బాగుంది. ఆవిడ పోయిన చాలా ఏళ్లకు, సవతికొడుకు మూడో థుట్మోస్ పాలన చివర్లో, ఆమె బొమ్మలూ పేర్లూ ఉలితో చెక్కించేశారు. అయినా ఆవిడ కట్టించిన డేర్ ఎల్ బహ్రీ గుడి నిలబడే ఉంది. పుంట్ దేశం నుంచి సాంబ్రాణి లాంటి జిగురు కారే చెట్లను వేళ్లతో సహా ఓడల్లో తెప్పించిన బొమ్మలు ఆ గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి.

శకటరేఫం
పద్యం శుభ్రంగా ఉంది. కాదనను. కానీ దీన్ని పూరణ అంటారా అని నా సందేహం. సమస్య అంటే పొసగని మాటను పొసిగేలా చెయ్యాలి. ఇక్కడ రాణికి నిజంగానే గడ్డం ఉంది, నిజంగానే గద్దె ఎక్కింది. మరి చిక్కు ఎక్కడుంది, విప్పడం ఎక్కడుంది? ఇది ఫొటో కింద రాసే వాక్యం.

ఏకలఘువు
నిజంగానే గడ్డం ఉందా శకటరేఫం గారూ? అది పెట్టుడు గడ్డం. అసలు అక్కడి మగ రాజులవీ పెట్టుడు గడ్డాలే! మూతి నున్నగా గీయించుకుని పైనుంచి తాడుతో కట్టుకునేవారు. గడ్డం మగతనానికి గుర్తు కాదు, పదవికి గుర్తు. మొదట్లో ఆడవేషంలోనే బొమ్మలు చెక్కించుకున్నావిడ తర్వాత్తర్వాత రాజు పంచె, గడ్డం పెట్టించుకుంది. అలా మారాక కూడా శాసనాల్లో చాలాచోట్ల స్త్రీలింగమే వాడించింది. ఇంత చిక్కు చాలదా?

శకటరేఫం
ఇదంతా పద్యం కింద ఉంది. పద్యంలో లేదు.

అరసున్న
అన్నగారు వచ్చేశారన్నమాట, ఇక నేనూ దిగొచ్చు. ఈయన లెక్క ప్రకారం చిక్కు విప్పాలి కదా, ఇదిగో విప్పాను.

పీటరన్న జారు పీడించె నేమున్న?
నతని వెనుక నేమి యయ్యె నచట?
రెండు ప్రశ్నలకును రెండు ముక్కలె చాలు:
గడ్డమున్న, రాణి గద్దె నెక్కె.

నిర్వాహకులు
అబ్బ! “రెండు ముక్కలె చాలు” అని నా పాదాన్ని నా కళ్ల ముందే రెండు ముక్కలు చేశారు.

తెలియనివారి కోసం: రష్యా జార్ పీటర్ 1698లో పశ్చిమ దేశాలు తిరిగొచ్చి, సామంతుల గడ్డాలు స్వయంగా కత్తిరించాడు. 1705లో గడ్డం మీద పన్ను వేశాడు. కట్టినవాళ్లకు రాగిబిళ్ల ఇచ్చేవారు. దాని మీద ముక్కు, మీసం, గడ్డం బొమ్మ వేసి, పైన “డబ్బు ముట్టింది” అని రాసేవారు. ఆ బిళ్ల జేబులో ఉంటేనే గడ్డానికి రక్షణ. 1725లో పీటర్ పోయాక భార్య మొదటి కేథరిన్ సింహాసనం ఎక్కింది. ఆ దేశాన్ని సామ్రాజ్ఞిగా ఏలిన మొదటి స్త్రీ ఆవిడే. పుట్టినప్పటి పేరు మార్తా. ఒకప్పుడు ఒకరింట్లో పనిపిల్ల.

మల్లెపందిరి
“పీటరన్న” అని చదవగానే ఎవరో మన పెద్దన్నయ్య అనుకున్నాను. ఆయనెందుకు జారాడా అని కాస్త కంగారు కూడా పడ్డాను.

అరసున్న
జారు అని పెట్టినప్పుడే తెలుసు ఎవరో ఒకరు జారుతారని. ఆవిడను “జారిణి” అనకుండా రాణితో సరిపెట్టినందుకైనా మెచ్చుకోవాలి మీరు.

శకటరేఫం
క్రమాలంకారం, అంటే వరసగా ప్రశ్నలేసి అదే వరసలో జవాబులివ్వడం, ఈ గుంపులో అరిగిపోయిన పనిముట్టు. అరసున్న గారికి దారి దొరక్కపోతే రెండు ప్రశ్నలేసి నాలుగో పాదం మీద పడుకుంటారు. అది వారి అలవాటు, సరే. నా పేచీ వేరే. “ఉంటే” అనే అర్థం కావాలంటే “ఉన్నన్” అనాలి. మరి మీ ద్రుతం, ఆ చివరి నకారం, ఎటుపోయింది?

అరసున్న
మొదటి పాదంలో “ఏమున్న” తర్వాత రెండో పాదం “నతని” అని మొదలైంది చూశారా? ద్రుతం అక్కడ నిక్షేపంగా ఉంది. నాలుగో పాదంలో తర్వాతి అక్షరం “రా”. “ర” లాంటి స్థిరాక్షరం ముందు ద్రుతానికి లోపం వస్తుంది, అంటే అది జారిపోతుంది. మీకు తెలియక అడిగారని నేననుకోను. పద్యం బాగుందని ఒప్పుకోవడానికి మీరు వాడే భాష ఇదేనని ఇన్నేళ్లకు అర్థమైంది.

శకటరేఫం
ద్రుతం విషయం ఒప్పుకుంటున్నాను. మిగతాది కాదు.

వేకువచుక్క
నమస్కారమండీ అందరికీ. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను, పోస్ట్ బటన్ నొక్కడానికే టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

ఢిల్లి నేలె రజియ డెందమ్ము జెదరక
తండ్రి మాట నిల్పి దర్ప మొప్ప;
అన్నదమ్ములకును నందరికి బారెడు
గడ్డమున్న రాణి గద్దె నెక్కె.

గడ్డాలున్న కొడుకులుండగా ఇల్‌టుట్‌మిష్ కూతుర్ని వారసురాలు అన్నాడు కదా, అదీ భావం.

నిర్వాహకులు
రండి రండి. ఊహ చక్కనిది. గడ్డం రాణికి కాక అన్నదమ్ములకు అంటించడం ఇంకెవరికీ తోచలేదు. మూడో పాదం చివర మాత్రం గణం తప్పింది. “కి బారెడు” ఏ గణంలోనూ ఇమడదు. “నందరికిని బారు” అనండి, సరిపోతుంది. బారు గడ్డమూ బారెడు గడ్డమూ ఒకటే, కత్తిరించక్కర్లేదు.

శకటరేఫం
గణం ఒక్కటే కాదమ్మా. “ఉన్నా సరే” అనే అర్థానికి “ఉన్నను” రావాలి. “ఉన్న” చాలదు. ఇంకోటి, తండ్రి మాట అంత తేలిగ్గా నిలవలేదు. ఆయన పోగానే సర్దారులు రుక్నుద్దీన్‌ను కూర్చోబెట్టారు. కొన్ని నెలల తర్వాత గాని, 1236లోనే, రజియాకు గద్దె దక్కలేదు. ఆ మాటను నిలబెట్టుకున్నది ఆవిడే, నిలబెట్టినవాళ్లు ఎవరూ లేరు.

వేకువచుక్క
అవునండీ, “నిల్పి” అన్నది రజియాను ఉద్దేశించే. సవరణకు ధన్యవాదాలు. ఉన్న, ఉన్నను సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఏకలఘువు
చరిత్రలో తప్పులు ఎంచేది ఎవరో చూడండి! పోయిన సమస్య “చుక్కలందు నడిచె జక్కనమ్మ” గుర్తుందా? దానికి శకటరేఫం గారు అంతరిక్షంలోకి వెళ్లిన తొలి స్త్రీ వాలెంటీనా తెరెష్కోవా మీద రాశారు. ఆవిడ 1963 జూన్ 16న ఒంటరిగా వెళ్లి, దాదాపు మూడు రోజులు భూమి చుట్టూ 48 చుట్లు తిరిగొచ్చింది. అంతా వోస్తోక్-6 నౌక లోపల కూర్చునే. నడవలేదు! అంతరిక్షంలో బయటికొచ్చి నడిచిన మొదటి స్త్రీ స్వెత్లానా సవిత్స్కయా, 1984 జులై 25న. అప్పుడు ఊరుకున్నాను. నాది ఫొటో కింది వాక్యం అన్నాక ఊరుకోలేకపోతున్నాను.

శకటరేఫం
గ్రహాలు నడుస్తాయి, కాలం నడుస్తుంది, బండీ నడుస్తుంది. నడవడానికి కాళ్లు తప్పనిసరని ఏ నిఘంటువులో ఉంది? ఒంటరిగా అంతరిక్షానికి వెళ్లొచ్చిన స్త్రీ ఈనాటికీ ఆవిడొక్కతే. ఆవిడను వదిలి ఇంకొకరి మీద రాయబుద్ధి కాలేదు.

అరసున్న
బండీ ‘ఱ’ గారి నోట బండి నడక. పోనివ్వండి ఏకలఘువు గారూ, ఆ పద్యంలో రెండో పాదం నిజంగా బాగుండేది.

నిర్వాహకులు
పాత సమస్యకు తిరిగి తలుపులు తీయకండి బాబూ.

మల్లెపందిరి
మీరు నడుస్తూండండి, నేను గడ్డం అసలు లేకుండానే పూరించేశాను.

చిత్ర మనుచు జగతి సిరిమవోను బొగడ
నవ్వుకొనియె లంక నారి యొకతె;
“కొత్త గాదు మాకు, గుర్తుంచుకొను, మాదు
గడ్డ మున్న రాణి గద్దె నెక్కె!”

గడ్డ అంటే నేల. మున్న అంటే మునుపే. 1960లో సిరిమావో బండారనాయకే ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయినప్పుడు అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఆ ద్వీపంలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలోనే అనురాధపురాన్ని అనుల అనే రాణి ఏలింది.

అరసున్న
లేచి నిలబడ్డాను. నేను పాదాన్ని మధ్యలో నరికాను, మీరు మాటనే నరికారు. ఈ వారానికి ఇదే.

ఏకలఘువు
అద్భుతం అక్కా. ఆ అనుల వరసగా భర్తలకు విషం పెట్టిందని లంక పాత చరిత్ర గ్రంథం మహావంశం చెబుతుంది. రాసింది సన్యాసులు కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలేమో. పద్యంలో నారి నవ్వు వెనక అది కూడా ఉందనుకుంటే ఇంకా బాగుంటుంది.

శకటరేఫం
విరుపు గొప్పది, సందేహం లేదు. కానీ “మాదు గడ్డ రాణి గద్దె నెక్కె” అంటే ఎక్కడ ఎక్కినట్టు? “గడ్డ మీద” అనో “గడ్డను” అనో ఉండాలి. విభక్తి లేని గడ్డ గాల్లో వేలాడుతోంది.

మల్లెపందిరి
గడ్డం వేలాడాల్సిందే కదండీ, గడ్డ వేలాడితే మీకేం బాధ?

తెరచాటు
ఆలస్యమైంది. మీరంతా సింహాసనాల వెంట పడ్డారు. నా గద్దె రంగస్థలం మీదిది.

నటులె రాణులైరి నాడు లండనునందు;
“క్షౌర మవ్వలేదు, సైపు” డనిరి;
వేచి వేచి రాజు విసుగెత్తి చూడగా
గడ్డమున్న రాణి గద్దె నెక్కె!

ఇంగ్లండ్ రాజు రెండో ఛార్లెస్ మీద చెప్పుకునే కథ ఇది. నాటకం ఎంతకీ మొదలవలేదట. ఎందుకని రాజు అడిగితే, రాణిగారికి ఇంకా గడ్డం గీయడం అవలేదు ప్రభూ అన్నారట. ఆడవేషాలు మగవాళ్లే కట్టిన కాలం కదా. 1660 డిసెంబర్ 8న ఒథెల్లో నాటకంలో డెస్డెమోనాగా ఒక స్త్రీ అక్కడి వేదిక ఎక్కింది. ఆమె ఎవరన్నది మాత్రం ఈనాటికీ తేలలేదు, రెండు మూడు పేర్లు చెబుతారు. ఆమెకు గీయించాల్సిన గడ్డం లేదు కాబట్టి, రాజుకు ఎదురుచూపు తప్పింది.

నిర్వాహకులు
నా పాదానికి అక్షరం విరవకుండా, అర్థం మార్చకుండా, అచ్చంగా అలాగే గడ్డంతో రాణిని గద్దె ఎక్కించారు! శకటరేఫం గారూ, చిక్కు విప్పడం అంటే ఇదేనా?

శకటరేఫం
ఇదే. “అవ్వలేదు” అన్న మాట పద్యంలో కాస్త పలచబడింది, అయినా పరిచారకుడి నోట కాబట్టి చెల్లుతుంది.

అరసున్న
చూశారా, మెచ్చుకోవడం చేతనవును! ఇంతమందికి మార్కులేశారు, మీ పూరణ ఏది అన్నగారూ? ఇంకో మూడు గంటల్లో గడువు.

శకటరేఫం
అడిగారు కాబట్టి.

సుంక మింక లేదు సుఖముండుడని చెప్పె
రష్యవారి కొకతె రాజ్యలక్ష్మి;
వెరవనేల యింక వాడలన్ దిరుగగ
గడ్డమున్న? రాణి గద్దె నెక్కె!

పీటర్ పన్ను వేయడంతో అరసున్న గారి కథ ఆగింది. ఎత్తేసిందెవరో చెప్పాలిగా. 1762లో భర్తను దించి గద్దె ఎక్కిన రెండో కేథరిన్, 1772లో ఆ పన్ను తీసేసింది. ఆవిడ పుట్టింది జర్మన్ రాచకుటుంబంలో. రష్యా గడ్డాలను విడిపించింది ఆవిడ.

అరసున్న
“ఉన్న”కు “ఉంటే” అని అర్థం నాది, ద్రుతలోపం నాది, దేశం నాది, పన్ను కూడా నాదే. రాణిని మాత్రం మార్చారు. అరువుకు సంతోషం.

నిర్వాహకులు
పద్యం మాత్రం హాయిగా నడిచింది. ప్రశ్నార్థకం తగిలించగానే “గడ్డమున్న?” ఎంత మారిపోయిందో!

వేకువచుక్క
గురువుగారూ, అడగొచ్చో లేదో తెలియదు, నేర్చుకుందామని అడుగుతున్నాను. మూడో పాదంలో “వె”కూ “వా”కూ యతి చెల్లుతుందాండీ? “వీధులన్” అయితే సరిపోయేది కదా అని.

శకటరేఫం
అది టైపింగు పొరపాటమ్మా. నా కాగితం మీద “వీధులన్” అనే ఉంది.

అరసున్న
వీధికీ వాడకూ కీబోర్డు మీద ఎంత దూరమో కొలుస్తున్నాను, ఒక్క నిమిషం.