అటార్నీ జనరల్‌ని ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు? అమెరికాలో, మన దగ్గర

నాగావళి_గ్రూప్స్ (శ్రీకాకుళం):
గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. మన అటార్నీ జనరల్, అంటే కేంద్ర ప్రభుత్వ పెద్ద వకీలు, గురించి చెప్పే ఆర్టికల్ 76 కంఠతా వచ్చు. అమెరికా న్యాయశాఖ వార్తలు చదివితే మాత్రం తల తిరుగుతోంది. అక్కడ అటార్నీ జనరల్ మంత్రా, వకీలా? అక్కడి ఎగువ సభ సెనేట్ ఒప్పుకోకపోతే కుర్చీ ఖాళీయేనా? యాక్టింగ్ అని ఒకచోట, ఇంటెరిమ్ అని ఇంకోచోట రాస్తున్నారు, ఏటి తేడా? కోచింగ్ సారు సిలబస్‌లో లేదు వదిలెయ్ అన్నారు. నాకు వదలబుద్ధి కావట్లేదు.

మాజీ_శిరస్తాదారు (విజయనగరం):
అమ్మా, నేను కోర్టు ఆఫీసులో చేసి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు పగలంతా తోచక సెనేట్ హియరింగులు చూస్తూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడకి అది పెద్ద తలనొప్పి.

అక్కడ మంత్రీ ఆయనే, ప్రభుత్వ వకీలూ ఆయనే. పదవి 1789 నాటిది, శాఖ పెట్టింది 1870లో. ఎఫ్‌బీఐ, ఫెడరల్ జైళ్లు, 94 ఫెడరల్ జిల్లాల ప్రాసిక్యూటర్లు అంతా ఆ శాఖ కిందే. మన దగ్గర ఆ పనులన్నీ పంచేశారు. న్యాయశాఖ మంత్రి వేరు, అటార్నీ జనరల్ వేరు. సీబీఐ సిబ్బంది వ్యవహారాల శాఖ కింద ఉంటుంది. సెషన్స్ కోర్టులో నిలబడే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)ని రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది. మన అటార్నీ జనరల్ కింద ఒక్క కానిస్టేబుల్ కూడా ఉండడు.

ఇక వేయడం సంగతి. 2024 జూన్‌లో మీ ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రి అయ్యారు. ప్రధాని సలహా ఇచ్చారు, రాష్ట్రపతి నియమించారు, ప్రమాణం అయిపోయింది. ముందుగా పార్లమెంటు కూర్చోబెట్టి ప్రశ్నలు అడగదు. అక్కడ సెనేట్ అడుగుతుంది. ట్రంప్ అటార్నీ జనరల్‌గా మొదట మాట్ గేట్జ్ పేరు చెప్పారు. 2024 నవంబరులో, హియరింగ్ దాకా రాకముందే ఆయన తప్పుకున్నారు. తర్వాత పామ్ బాండీ 2025 ఫిబ్రవరిలో 54-46 ఓట్లతో గట్టెక్కారు.

తీసేయడానికి మాత్రం సెనేట్‌ని అడగక్కర్లేదు. మన దగ్గరా రాష్ట్రపతి ఇష్టమున్నంత కాలమే, అంటే కేబినెట్ ఇష్టమున్నంత కాలమే. మరి సెనేట్ హియరింగ్ దేనికి అంటే 1973 అక్టోబరు 20 చూడాలి. వాటర్‌గేట్ కుంభకోణం విచారిస్తున్న ఆర్చిబాల్డ్ కాక్స్‌ని తీసెయ్యమని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ హుకుం. సరైన కారణం లేకుండా తీయనని అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ హియరింగ్‌లో సెనేట్‌కి మాటిచ్చి ఉన్నారు. రాజీనామా పడేశారు. ఆయన డిప్యూటీ రకల్స్‌హాస్ కూడా కుదరదన్నారు, ఆయన పదవీ పోయింది. మూడోవాడు, సొలిసిటర్ జనరల్ బోర్క్, సంతకం పెట్టారు. నన్నడిగితే హియరింగ్‌లో ఓటు కంటే అక్కడ రికార్డయిన మాటే విలువైనది.

పలాస_న్యూజెర్సీ:
యాక్టింగ్ గురించి నేను చెప్తా. పెద్ద పదవి ఖాళీ అయితే 1998 నాటి ఖాళీల చట్టం ప్రకారం మామూలుగా 210 రోజుల వరకు ఇంకొకరు నెట్టుకురావచ్చు. ఇంటెరిమ్ అనేది జిల్లా ప్రాసిక్యూటర్ల దగ్గర వినపడే మాట. అటార్నీ జనరల్ 120 రోజులకి ఒకరిని పెడతారు, అది దాటితే ఆ జిల్లా ఫెడరల్ జడ్జీలు వేయవచ్చు. మా దగ్గర 2025లో సరిగ్గా ఇక్కడే గొడవ. న్యూజెర్సీ ఇంటెరిమ్ ప్రాసిక్యూటర్ అలీనా హబ్బా గడువు అయిపోతుంటే జడ్జీలు జులైలో ఇంకొకరిని ఎంచుకున్నారు. జడ్జీలు ఎంచుకున్న ఆవిణ్ణి న్యాయశాఖ వెంటనే తీసేసి, మళ్లీ హబ్బానే యాక్టింగ్ చేసింది. ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి అది చట్టబద్ధం కాదన్నారు, డిసెంబరులో అప్పీలు కోర్టూ అదే మాట. చివరికి ఆవిడ రాజీనామా చేశారు. ఆఫీసులో లంచ్ టైములో కొన్నాళ్లు ఇదే గోల.

జూనియర్_బొబ్బిలి:
మాస్టారూ, జల్లెడ మనకీ ఉంది కదా? పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 18 చూడండి. సెషన్స్ జడ్జితో సంప్రదించి కలెక్టరు పీపీ పదవికి పేర్ల ప్యానెల్ తయారు చేయాలి. పీపీకి ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి.

మాజీ_శిరస్తాదారు:
ఉంది నాయనా, కాదనను. ఆ కాగితం నా చేతుల మీదుగానే వెళ్లేది. కలెక్టరాఫీసు నుంచి పేర్ల జాబితా వస్తే జడ్జి దొరగారు ఛాంబర్ తలుపు వేయించి, ఒక్కో పేరు పక్కన పెన్నుతో నాలుగు ముక్కలు రాసేవారు. 'వాయిదాలు ఎక్కువ అడుగుతాడు' అని కూడా ఉండేది. లక్క కరిగించి సీలు వేయడం నా పని. కానీ ఆ నాలుగు ముక్కలు బయటి లోకానికి తెలియవు. టీవీలో అడిగించుకున్నవాడికీ, సీల్డ్ కవర్లో పాసైనవాడికీ తేడా ఉండదా? ప్రభుత్వం మారితే సంచి సర్దుకోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

నాగావళి_గ్రూప్స్:
థాంక్స్ అండీ అందరికీ. ఇంకొక్కటి. ఆర్టికల్ 88 ప్రకారం మన అటార్నీ జనరల్ పార్లమెంటులో మాట్లాడొచ్చు, ఓటు ఉండదు. అక్కడివాళ్లకి?

పలాస_న్యూజెర్సీ:
కాంగ్రెస్‌లో సీటూ లేదు, ఓటూ లేదు. కానీ కమిటీలు పిలుస్తాయి, గంటల తరబడి కూర్చోబెడతాయి. యూట్యూబ్‌లో ఉంటాయి, మాస్టారిని అడగండి, అన్నీ చూసేసి ఉంటారు.