సాల్మన్ ఫ్లై రాడ్ సొంతంగా కట్టుకుంటున్నాను, ఏ భాగాలు తీసుకోమంటారు?

గోస్తని గాలం, భీమిలి:
అందరికీ నమస్కారం. స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసి పోయినేడాది రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు స్కాట్లాండ్‌లో అబర్డీన్‌లో ఉంటారు. వచ్చే మే నెలలో వెళ్తున్నాం. అక్కడి డీ నది మీద సాల్మన్ చేప పట్టడానికి రెండు రోజుల పర్మిట్ మా అల్లుడు అప్పుడే తీసేశాడు. రాడ్ అక్కడ అద్దెకి దొరుకుతుందట. కానీ మా నాన్న చేతిలో నేను చూసిన ప్రతి గేలపు కర్రా ఆయనే వెదురు ఏరి, నిప్పు సెగ మీద వంపు తీసి, తంగూసు కట్టుకున్నదే. అంత దూరం వెళ్ళి అద్దె కర్రతో నీళ్ళలో నిలబడాలని లేదు.

రెండు చేతులతో విసిరే 13 అడుగుల రాడ్, 8 నంబరు లైను, 4 ముక్కలు. ఇంతవరకూ తేల్చుకున్నాను. బ్లాంక్ (ఏమీ కట్టని ఉత్త కర్ర), గైడ్లు (లైను దూరే రింగులు), రీల్ సీటు (రీలు బిగించే చోటు), పిడికి కార్కు, దారం, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అన్నీ విడివిడిగా తెప్పించుకోవాలి. దేని మీద డబ్బు పెట్టాలి, దేని దగ్గర తగ్గొచ్చు? స్పిన్నింగ్ రాడ్లకి గైడ్లు మార్చడం వచ్చు గాని, మొదటినుంచీ ఎప్పుడూ కట్టలేదు.

యారాడ రాళ్ళు, గాజువాక:
గోస్తని గారూ, ముందు లైను కొనండి, తరవాత బ్లాంక్. మన రాళ్ళ మీద పార చేప కోసం వాడే రాడ్లు వేరు. అక్కడ ఎర బరువే తంగూసుని లాక్కుపోతుంది. ఫ్లైలో విసిరేది ఎరని కాదు, లైనుని. ఈకలు కట్టిన గేలానికి బరువేముంటుంది? లైను బరువే కర్రని వంచాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది నంబరు దగ్గర. ఒంటిచేతి 8 నంబరు లైనులో మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు తూగుతాయి, అంటే 13.6 గ్రాములు. రెండుచేతుల 8 నంబరుకి హెడ్ (లైను ముందుండే బరువైన భాగం) బరువు అంతకు రెండింతల పైమాటే. నంబరు ఒకటే కదా అని ఒంటిచేతి లైను తీసుకుంటే కర్ర అసలు వంగదు. బ్లాంక్ చేసినవాళ్ళు ఎన్ని గ్రాముల హెడ్ చెప్పారో చూసి, దానికి తగ్గ లైను తీసుకోండి.

యాక్షన్, అంటే కర్ర వంగే తీరు, మీడియం చాలు. కొన దగ్గరే వంగే ఫాస్ట్ బ్లాంక్ చేతిలోకి తీసుకోగానే చలాకీగా ఉంటుంది, అది చూసి మోజుపడి కొనేస్తాం. స్పే కాస్ట్ (లైనుని వెనక్కి పూర్తిగా ఎగరేయకుండా, నీటి మీద ఆనించి ముందుకి విసిరే పద్ధతి) కొత్తగా నేర్చుకునే చేతికి కర్ర పిడి దాకా వంగితేనే బరువు ఎప్పుడు ఎక్కిందో అరచేతికి తెలుస్తుంది.

బ్లాంక్ రాగానే ఒక్కో ముక్కకీ వెన్ను, అంటే గట్టిగా ఉండే వైపు, చూసుకోండి. లావు కొన నేల మీద ఆనించి, సన్న కొన ఒక అరచేతిలో పెట్టి, రెండో చేత్తో మధ్యలో నొక్కి వంచి దొర్లించండి. ఒక చోట టక్కున దూకి ఆగుతుంది. అక్కడ పెన్సిలు గుర్తు పెట్టి, గైడ్లు ఆ వరసలోనే కట్టండి.

పాత పోస్టాఫీసు, విశాఖ:
గైడ్ల లెక్క నేను చెప్తా. అడుగుకి ఒకటి, పైన ఇంకొకటి, ఆపైన టిప్ టాప్ (కర్ర కొనకి తొడిగే రింగు). మీ 13 అడుగులకి 14, టిప్ టాప్ వేరే. అందులో కింది రెండూ సిరామిక్ రింగు ఉన్న స్ట్రిప్పింగ్ గైడ్లు, మిగతా 12 స్నేక్ గైడ్లు. స్నేక్ అంటే వంకరగా తిప్పిన తీగే, దానికి రెండు కాళ్ళు, కింది రెండింటికీ అంతే. ఒక్కో కాలికీ ఒక దారపు చుట్టు. మొత్తం 28 చుట్లు, ముక్కల జాయింట్ల దగ్గర కట్టే చుట్లు వేరే.

డబ్బు పెట్టాల్సింది కింది రెండింటి మీదే. లైను ఒరిపిడంతా ముందు అక్కడే పడుతుంది. సిలికాన్ కార్బైడ్ రింగు తీసుకోండి. స్నేక్ గైడ్లకి హార్డ్ క్రోమ్ పూసిన స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు, టైటానియం అక్కర్లేదు. కొలత మాత్రం ఒక నంబరు పెద్దదే తీసుకోండి. రెండుచేతుల లైనులో హెడ్‌కీ, దాని వెనకుండే సన్నటి రన్నింగ్ లైనుకీ మధ్య ముడో లూపో ఉంటుంది. గైడ్ ఇరుకైతే అది ప్రతి విసురుకీ టక్ టక్ మని తగులుతుంది.

గైడ్ కాలి కొనని ముందే ఆకురాయితో కత్తి అంచులా సన్నగా దిద్దండి. దిద్దకపోతే దారం ఎక్కే చోట చిన్న మెట్టులా నిలబడి, దాని కింద సందు మిగులుతుంది. నీరు చేరేది ఆ సందులోకే. ఫిట్టరు చేతికి ఇది పెద్ద పనేం కాదు.

ఎంవీపీ రాడ్:
కార్కు విషయంలో నా అనుభవం. మంచి గ్రేడు అని చెప్పి ఒక ఆన్‌లైన్ కొట్టువాడు పంపిన రింగులు పైకి నున్నగా ఉన్నాయి. లుంగీ మీద గుడ్డ పరుచుకుని సాండ్ పేపరు పడుతుంటే గుంటల్లో నింపిన పుట్టీ పొడిపొడిగా రాలిపోయింది. సగం పిడి అయ్యాక తెలిసింది. అప్పటినుంచి రింగు రాగానే నీళ్ళలో ముంచి, గోటితో గుంటల్ని గీకి చూస్తున్నాను.

కార్కు అంటే ఓక్ చెట్టు బెరడు. తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు, ఎక్కువ పోర్చుగల్ నుంచే వస్తుంది. అందుకే మేలు రకం అంత ధర. మీ పై పిడి 14 అంగుళాలు, కింది పిడి 5 అంగుళాలు అనుకుంటే, అరంగుళం రింగులు 38 పడతాయి. 42 తెప్పించుకోండి. మేలైనవి చేతులు ఆనే చోట పెట్టి, నాసివి చివర్లకి సర్దొచ్చు. మరీ చివర మాత్రం కార్కు పొడి అదిమి చేసిన బర్ల్ రింగు పెట్టండి, నేలకి తగిలినా చిట్లదు.

ఈవీఏ ఫోమ్ పిడి చవకే, మన సముద్రానికి అదే మేలు కూడా. అయినా గంటల తరబడి తడిచేతుల్తో పట్టుకునే కర్రకి కార్కే నా ఓటు. తడిసినా జారదు, చలిలో చేతికి చల్లగా తగలదు.

అంకుడు, అనకాపల్లి:
రీల్ సీటు మధ్య చెక్క స్పేసరు ఏటికొప్పాకలో తిప్పించండి. మన లక్క రంగుతో కర్ర స్కాట్లాండ్ వెళ్తుంది!

పాత పోస్టాఫీసు, విశాఖ:
అంకుడు గారి మాట నాకు నచ్చింది గాని రెండు జాగ్రత్తలు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తన, రీల్ పాదం బిగించే చోట నొక్కుకుపోతుంది. టేకైతే మేలు, దాన్నీ తిప్పిస్తారు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో కారులో వదలకూడదు. పైన పల్చగా ఎపాక్సీ పూస్తే నీటి నుంచి కాపు. సీటు లోహం ఆనొడైజ్డ్ అల్యూమినియం తీసుకోండి. లోపలి రంధ్రం బ్లాంక్ కన్నా పెద్దదిగా ఉంటుంది, ఆ సందుని టేపు చుట్లతో పూడ్చి, టేపు ఎక్కడా బయటకి కనబడకుండా ఎపాక్సీతో కప్పేయండి.

రుషికొండ గాలి:
అందరూ భాగాల గురించి చెప్పారు. నేను చెప్పేది అవి కట్టే రోజు గురించి. విశాఖలో రాడ్ కట్టేవాడికి ఎదురయ్యేది ఉప్పుగాలి, తేమ.

నా మొదటి రాడ్ ఆగస్టులో కట్టాను. బయట ముసురు. రాత్రి చుట్ల మీద ఎపాక్సీ పూసి, కిటికీ తీసి పడుకున్నాను. పొద్దున్న చూస్తే చుట్ల మీద మీగడ పట్టినట్టు తెల్లటి జిడ్డుపొర. వేలు పెడితే జారుతోంది. ఎపాక్సీలోని గట్టిపరిచే ద్రవం గాలిలోని తేమతో కలిస్తే అలా పొర కడుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక సన్నగా గీకి, మళ్ళీ పూశాను. నెల్లాళ్ళ పని మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు తలుపులు మూసి, ఏసీ డ్రై మోడ్‌లో రెండు గంటలు నడిచాకే సీసా మూత తీస్తాను. గదిలో పెట్టే తేమ మీటరు ఒకటి కొనండి, మీరు కొన్నవాటన్నిటిలో అదే మీకు ఎక్కువ పనికొస్తుంది. డిసెంబరు, జనవరిలో కట్టగలిగితే సగం బాధ తప్పుతుంది.

రెండు పాళ్ళూ సిరంజితో కొలవండి, కంటి అంచనా వద్దు. పాళ్ళు తప్పితే ఎన్నాళ్ళైనా బంకగానే ఉంటుంది. రెండింటికీ ఒకే సిరంజి ఎన్నడూ వాడకండి. బుడగలు వస్తే స్పిరిట్ దీపం సెగ కాస్త దూరం నుంచి చూపిస్తే పైకొచ్చి చితికిపోతాయి. పూశాక కర్ర నాలుగైదు గంటలు నెమ్మదిగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే ఎపాక్సీ ఒక పక్కకి జారి బొట్టు కడుతుంది. నేను పాత కూలరు మోటారు వాడాను, కానీ అది వేగం. నిమిషానికి 9 నుంచి 18 చుట్లు తిరిగేది చాలు.

టిప్ టాప్‌ని మాత్రం ఎపాక్సీతో అంటించకండి. వేడికి కరిగే జిగురు వాడితే, రేపు విరిగినా లైటరు చూపించి ఊడదీసుకోవచ్చు.

డీ ఒడ్డు, అబర్డీన్:
పెద్దాయనా, మాది మధురవాడ. ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్నాను. మీ రెండు రోజుల్లో ఆదివారం లేకుండా చూసుకోమని మీ అల్లుడికి చెప్పండి. స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టం ఒప్పుకోదు. డీలో పట్టిన సాల్మన్‌ని మళ్ళీ నదిలోకే వదిలేస్తాం, ఇంటికి తేవడం ఉండదు.

సముద్రం నుంచి నదిలోకి ఎక్కిన సాల్మన్ మేత మానేస్తుంది. అయినా కళ్ళ ముందు నుంచి పోయే ఈకల ముద్దని ఎందుకో కొరుకుతుంది. అందుకే విసిరిన చోటే మళ్ళీ మళ్ళీ విసురుతూ, అడుగు అడుగూ కిందికి జరుగుతాం. రోజంతా అదే పని. కర్ర, రీలు కలిపి పట్టుకుంటే తూకం పై పిడి ముందు కొసన నిలవాలి. బ్లాంక్ కొనే ముందే రీలు బరువు చూసుకోండి.

స్పే కాస్ట్‌లో కర్ర మెలితిరుగుతుంది, దాంతో ముక్కలు నెమ్మదిగా వదులవుతాయి. జాయింట్ల మీద టేపు చుట్టండి, గంటకోసారి చేత్తో పట్టి చూడండి. నా స్నేహితుడి రాడ్ పై ముక్క విసురుతుండగానే ఎగిరి నీళ్ళలో పడింది.

మీ బూట్లు, వేడర్లు (నీళ్ళలో దిగేటప్పుడు తొడుక్కునే తడవని ప్యాంట్లు), వల మన నీళ్ళలో వాడినవైతే బాగా కడిగి, పూర్తిగా ఎండబెట్టి తీసుకురండి. నార్వే నదుల్లో గైరోడాక్టిలస్ సలారిస్ అనే పురుగు సాల్మన్ పిల్లల్ని చాలా పాడు చేసింది. అది ఈ నదుల్లోకి రాకుండా ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టి కాపాడుకుంటున్నారు.

గోస్తని గాలం, భీమిలి:
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పర్మిట్ బుధ, గురువారాలకి, ఇప్పుడే అల్లుడిని అడిగాను.

లైను ముందు తెప్పించాను. బ్లాంక్ మీడియం యాక్షన్, నిన్న వచ్చింది. ఒక్కో ముక్క మీటరు మీద కొంచెం. వెన్ను చూశాను. మూడు ముక్కలు చెప్పినట్టే దూకాయి. కొన ముక్కకి మాత్రం రెండు చోట్ల దూకుతోంది, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. గట్టిగా దూకే వరసే పట్టుకోనా?

యారాడ రాళ్ళు, గాజువాక:
గట్టిదే పట్టుకోండి. దానికన్నా ముందు కొన ముక్క తిన్నగా ఉందో లేదో కన్ను పెట్టి చూడండి. కాస్త వంపుంటే ఆ వంపు పైకి ఉండేలా గైడ్లు కట్టండి, బరువుకి అదే సర్దుకుంటుంది. రెండూ కుదరకపోతే తిన్నదనానికే ఓటు.

కట్టడం అయ్యాక మొగ (గోస్తని సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి తెండి. సముద్రపు అలల మీద స్పే కాస్ట్ కుదరదు, గోస్తని నీరు నిలకడగా ఉంటుంది. గేలం తీసేసి ఎర్ర ఉన్ని ముక్క కట్టండి, ఎవరి కంటికీ ప్రమాదం ఉండదు. నా దగ్గర 12 అడుగుల రాడ్ ఉంది, నేనూ వస్తాను. ఇంటికెళ్ళాక మంచినీళ్ళతో గైడ్లన్నీ కడగాలి, అక్కడి నీరు ఉప్పగా ఉంటుంది.

గోస్తని గాలం, భీమిలి:
కొన ముక్క తిన్నగానే ఉంది. గట్టి వరసకి గుర్తు పెట్టేశాను. జనవరిలో ఎపాక్సీ, ఫిబ్రవరి మొదటి ఆదివారం పొద్దున్న ఆరింటికి మొగ దగ్గర. టీ ఫ్లాస్కు నేను తెస్తాను, ఎర్ర ఉన్ని మా ఇంట్లోనే ఉంది.