జాబ్ వర్క్ చలాన్ల లెక్కకి సాఫ్ట్‌వేర్ రాయించుకోవాలా, రెడీమేడ్ కొనాలా?

పీన్యా_లేత్:
అన్నలూ, బెంగళూరు పీన్యా సెకండ్ స్టేజ్‌లో మాది చిన్న మెషినింగ్ యూనిట్. కాస్టింగులు, అంటే పోతపోసిన లోహపు పీసులు, కస్టమరే పంపిస్తాడు, మేం మెషినింగ్ చేసి తిరిగి పంపుతాం. బిల్లింగ్ టాలీలో బానే నడుస్తోంది, తలనొప్పంతా చలాన్ల దగ్గరే, అదే సరుకుతో పాటు వచ్చే పోయే చీటీలు. ఒక చలాన్ మీద 500 పీసులు వస్తే నాలుగైదు విడతల్లో వెళ్తాయి, 462 ఓకే, పోతలోనే బ్లోహోల్స్ (గాలి బొక్కలు) పడినవి 21, వీటిని సీఆర్ (కాస్టింగ్ రిజెక్షన్) అంటాం, ఆ నష్టం కస్టమర్‌ది, మా చేతిలో పోయినవి 9 ఎంఆర్ (మెషినింగ్ రిజెక్షన్), ఇంకా 8 ఫ్లోర్ మీదే ఉంటాయి, ఇదంతా ఒక ఎక్సెల్ షీట్‌లో, అది కూడా మా సూపర్వైజర్ ఒక్కడికే అర్థమవుద్ది, పండక్కి ఊరెళ్ళాడంటే ఇక అంతే సంగతులు.

తెలిసిన కుర్రాడు బిల్లింగ్‌తో సహా మొత్తం కొత్తగా రాసిస్తా, మూడు లక్షలు అంటున్నాడు. ఈఆర్పీ, అంటే కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళేమో నెలకి యూజర్‌కింత అంటున్నారు, డెమోలో చూపించిన దాంట్లో సగం మాకు అక్కర్లేదు. ఏం చెయ్యమంటారు?

లెక్కల_మాస్టారు:
బిల్లింగ్ మాత్రం చచ్చినా రాయించకండి. 2025 సెప్టెంబర్ 22న మీలాంటి జాబ్ వర్క్ జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది కదా, రేటు మార్చడం పెద్ద పనేం కాదు, కానీ అంతకుముందు వేసిన బిల్లుకి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించే చీటీ) ఇస్తే పాత రేటే పడాలి, కుర్రాడు అదంతా ఆలోచించి రాస్తాడా? ఈ-ఇన్వాయిస్ చూడండి, అదే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ చెయ్యడం, 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటినోళ్ళకి అన్నారు, 2023 ఆగస్టుకల్లా 5 కోట్లకి దించేశారు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ నుంచి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రాసిపెట్టే రికార్డు, ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలు కూడా ఉండకూడదు. వీటి వెంట పడి మార్చడానికి టాలీ వాళ్ళకి మనుషులున్నారు, మీవాడికి రేపు వైట్‌ఫీల్డ్ ఐటీ కంపెనీలో ఉద్యోగం వస్తే?

అయినా టాలీలోనే జాబ్ ఆర్డర్ ప్రాసెసింగ్ ఉంది, ఎఫ్11 కీ నొక్కి ఆన్ చేస్తే మెటీరియల్ ఇన్, మెటీరియల్ ఔట్ వోచర్లు వస్తాయి. చూశారా?

పీన్యా_లేత్:
చూశానండి. వచ్చిందెంత పోయిందెంత వరకు ఓకే, సీఆర్ ఎంఆర్ చలాన్ వారీగా విడిగా కావాలంటేనే తిప్పలు. పైగా ఫ్లోర్ మీద ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు, నైట్ షిఫ్ట్‌లో వాళ్ళ చేత టాలీ కొట్టించడం నా వల్ల కాదు.

అంబత్తూరు_సీను:
చెన్నై నుంచి. మేం మొత్తం రాయించాం బ్రదర్, బ్రహ్మాండంగా పనిచేసింది, రాసినోళ్ళు ఉన్నంతకాలం. తర్వాత వాళ్ళు దుకాణం సర్దేశారు, సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) మా దగ్గర లేదు, ఇప్పటికీ ఆ పాత కంప్యూటర్‌ని ఆఫ్ చెయ్యాలంటే భయం, మళ్ళీ లేస్తుందో లేదో అని. రాయిస్తే కోడ్, డేటాబేస్ పాస్‌వర్డ్ చేతికొచ్చాకే ఆఖరి పేమెంట్ ఇవ్వండి.

కోడ్_బాబాయ్:
నేను ఇలాంటివి రాసి బతికేవాణ్ణే, అయినా చెప్తున్నా, మూడు లక్షలది వద్దు. ఫ్లోర్ స్క్రీన్ ఒక్కటే రాయించండి. చలాన్ నంబర్, పార్ట్ ఫోటో, ఓకే సీఆర్ ఎంఆర్ అని మూడు పెద్ద బటన్లు, చౌక టాబ్లెట్ ఒకటి, చాలు. టాలీ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్ రూపంలో బయటి డేటా తీసుకుంటుంది కాబట్టి కలపాలంటే తర్వాతైనా కలపొచ్చు, మొదట్లో మాత్రం కలపొద్దు, రోజూ సాయంత్రం రిపోర్ట్ తీసి మీ ఎక్సెల్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోండి. జోహో క్రియేటర్ లాంటి దాంట్లో అయితే ఇంత స్క్రీన్‌కి పెద్దగా కోడే అక్కర్లేదు, నెల చందా ఉంటుంది అంతే. ఈఆర్పీనెక్స్ట్ అనే ఈఆర్పీ ఫ్రీ అని ఎవరో ఒకరు ఇక్కడ చెప్తారు, సాఫ్ట్‌వేర్ ఫ్రీయే, సర్వరూ దాన్ని సెట్ చేసేవాడూ ఫ్రీ కాదు.

పీన్యా_లేత్:
ఇది బాగుంది. బిల్లింగ్ టాలీలోనే ఉంచేస్తా, బటన్లు హిందీలో పెట్టిస్తా. కుర్రాడికి ఫోన్ చేస్తే మొహం మాడ్చుకున్నట్టే అనిపించింది గానీ స్క్రీన్ ఒక్కదానికి ఎంతో రేపు చెప్తానన్నాడు.

లెక్కల_మాస్టారు:
దాంట్లో కస్టమర్ చలాన్ తేదీ కూడా పెట్టించండి. సరుకు ఏడాదిలోపు తిరిగి వెళ్ళకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కేసి కస్టమర్ మీద టాక్స్ వేస్తారు, ఆయనొచ్చి మీ పీక పట్టుకుంటాడు. మీరన్న ఆ 8 పీసుల్లాంటివే మూల పడి ఉండిపోతాయి. పది నెలలు దాటిన చలాన్లు ఎర్రగా కనపడేలా చెయ్యమనండి.