విశాఖ ప్రాంతంలో స్థిర పెట్టుబడి ధోరణిని ఎలా చదవాలి?

పరిశోధక విద్యార్థి:
నమస్కారం. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి విశాఖ ప్రాంతంలో కట్టడాలు, యంత్రాలు, రేవుల మీద పెట్టిన స్థిర పెట్టుబడి ఎలా సాగిందో పరిశీలిస్తున్నాను. నమోదైన కర్మాగారాల మీద ఏటా కేంద్రం జరిపే వార్షిక పరిశ్రమల సర్వే ఇచ్చే ‘స్థిర మూలధనం’ అంకెను నమ్మవచ్చా? ఉక్కు కర్మాగారానికి 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీని కొత్త పెట్టుబడిగా లెక్కించాలా?

విశ్రాంత ఇంజనీరు:
ఈ ప్రాంతానికి పెట్టుబడి ఏటి ప్రవాహంలా కాక ఉప్పెనలా వచ్చింది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన అయింది, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఉద్యమం జరిగింది, 1971లో శంకుస్థాపన అయింది, జాతికి అంకితమైనది మాత్రం 1992లో. శిలాఫలకం మీది సంవత్సరాన్ని పెట్టుబడి సంవత్సరంగా తీసుకుంటే పదేళ్లకు పైగా పొరబడతారు. పెట్టుబడి సదస్సుల్లో కుదిరే అవగాహన ఒప్పందాలదీ అదే దారి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. కనీసం పదేళ్ల సగటు తీసుకోండి.

గణాంకాల ఉద్యోగి:
ఇంజనీరు గారి మాట నిజమే కానీ, అసలు చిక్కు నిర్వచనంలో ఉంది. సర్వేలోని స్థిర మూలధనం అంటే సంవత్సరాంతానికి ఆ కర్మాగారం ఆస్తులకు తరుగుదల (వాడకం వల్ల ఏటా తగ్గించే విలువ) పోగా లెక్కల పుస్తకాల్లో మిగిలిన విలువ. ఆస్తులను కొన్నది వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు ధరలకు; వాటిని అలాగే కలిపేస్తారు. తరుగుదల వల్ల పుస్తకాల్లో విలువ దాదాపు హరించుకుపోయిన యంత్రం కూడా ఉక్కును పోస్తూనే ఉంటుంది. పైగా ఆ సర్వే పరిధి ప్రధానంగా నమోదైన కర్మాగారాలే కాబట్టి రోడ్లు, రైతుల బోర్లు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు అందులోకి రావు. ఇక ప్యాకేజీ విషయానికి వస్తే, అందులో 10,300 కోట్లు ఈక్విటీ, అంటే వాటాగా పెట్టే డబ్బు; మిగిలిన 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నిర్వహణ ఖర్చుల) అప్పును ప్రాధాన్య షేర్లుగా, అంటే ఒక రకం వాటాగా, మార్చడం. సంస్థ ఊపిరి పీల్చుకోవడానికి అది అవసరమే, అయితే ఆ డబ్బుతో యంత్రమో కట్టడమో సమకూరినప్పుడే, సమకూరిన మేరకే, స్థిర మూలధన కల్పన అవుతుంది.

పరిశోధక విద్యార్థి:
ధన్యవాదాలండీ. ప్యాకేజీని తీసివేస్తాను. జిల్లా స్థాయిలో ఎక్కడ దొరికితే అక్కడి అంకెలను వరుసగా పేర్చుకుంటే సరిపోతుందా?

మరో సభ్యుడు:
పేర్చే ముందు సరిహద్దులు చూసుకోండి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఉమ్మడి విశాఖ జిల్లా నుంచి కొంత భాగం అటు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. ఉక్కు కర్మాగారం, గంగవరం రేవు విశాఖ జిల్లాలోనే ఉండగా, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి అనకాపల్లిలోకి వెళ్లాయి. ఈ మార్పును గమనించకపోతే విశాఖలో పెట్టుబడి ఒక్క ఏడాదిలో కూలిపోయినట్టు గ్రాఫు చెబుతుంది. మండలాల వారీగా విడదీసి, పాత జిల్లా ఎల్లలకు మళ్లీ కూడుకోవడం ఓపిక పరీక్షించే పనే, కానీ వేరే మార్గం నాకు కనిపించడం లేదు.